మూత కింద చెరువు

ముక్కత్తకు పొద్దుటినుంచీ ఒక్క వాసనా తగలడం లేదు. లేదా అన్నీ ఒక్కసారే తగులుతున్నాయి. రెండిట్లో ఏది నిజమో ఆమెకే తేలడం లేదు. చేపల ఆఫీసు వరండా గోడకు కొత్తగా వేసిన సున్నం, మూల బకెట్‌లో తడిగుడ్డ, పక్క కుర్చీలో కూతురు, కూతురి ఒళ్లో నిద్రపోతున్న పసిగుడ్డు, ఇవన్నీ ఉన్నాయని కళ్లు చెబుతున్నాయి గానీ ముక్కు మాత్రం అవునని ఒప్పుకోవడం లేదు. సబ్బు రాసుకోవద్దన్నారు, రాసుకోలేదు. టీ తాగొద్దన్నారు, తాగలేదు, తాగకపోయేసరికి తల దిమ్మెక్కింది. తలకు కట్టుకునే గుడ్డను ఉత్త నీళ్లలో జాడించమన్నారు, జాడించింది, కానీ ఆ నీళ్లు ఎక్కడివి, కుళాయివే కదా, కుళాయిలోకి ఎక్కడినుంచి వస్తాయి, ఆ ఆలోచన రాగానే గుడ్డ విప్పి మడిచి ఒళ్లో పెట్టుకుంది, మళ్లీ జుట్టు ముఖం మీద పడుతుంటే కట్టేసుకుంది. బడిలో కొత్తగా చేరిన పిల్లలా కాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. ఈ వయసులో నాకు పరీక్షేమిటి, అదీ ముక్కుకి, అనుకుంటే నవ్వొచ్చింది, ఆ నవ్వు కూడా సగంలోనే ఆగిపోయింది.

ముక్కత్త అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదని వేరే చెప్పాలా. రేవు పక్కనున్న షెడ్డులో, బుట్టలు కుమ్మరించే బల్ల చివర నిలబడి, చేప మొప్ప ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, ఎడమకొకటి కుడికొకటి విసురుతూ ఆమె బతుకంతా గడిపింది. ఎడమకి పడితే దూరపు బజారుకి, కుడికి పడితే దగ్గర బజారుకి, కాళ్ల దగ్గర పడితే పిల్లులకి. ఆమె విసిరిన చేపను మళ్లీ తిప్పి చూసే వ్యాపారి లేడు. కళ్లకు గుడ్డ కట్టి ఎక్కడెక్కడి చేపలో ముందు పెట్టినా, ఇది మన చెరువుది, ఇది కాదు అని చెప్పేసేది, కుర్రకారు పందెం కాసి ఓడిపోయేవాళ్లు. ఆమె బల్ల దగ్గరికి వస్తుంటే “ఒరేయ్, కాళ్లు కడుక్కోండ్రా, ముక్కత్త వస్తోంది” అని ఆటపట్టించేవాళ్లు. మన చెరువు చేప మొప్పలో ఒక తియ్యదనం ఉంటుంది, నీచు కింద అణగి, పండబోయే పండు దగ్గర ఉంటుందే అలాంటిది, ఎలా చెప్పాలో తెలీదు, చెప్పమని ఎవరూ అడగనూ లేదు. ఆ తియ్యదనం వల్లే దూరపు బజారులో మన చేపే ముందు అమ్ముడయ్యేది. ఆఫీసు కాగితాల్లో సరస్సు, కంపెనీ బోర్డు మీద జలాశయం, మనుషుల నోట్లో చెరువు, ఏ పేరుతో పిలిచినా దానికో వాసన ఉంది, ఆ వాసన నాకు తెలుసు, నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు, ఇదీ ముక్కత్త ధీమా. నిరుటివరకూ ఆ ధీమా ఉండేది.

చెరువు అడుగున కంపెనీ చమురు పైపులైను ఉందని అందరికీ తెలుసు, మూలగదిలో మంచం పట్టిన పెద్దాయన ఉన్నాడని ఇంటిల్లిపాదికీ తెలిసినట్టు, తెలుసు గానీ ఎవరూ తలుపు తీసి చూడరు. నిరుడు వానలకు ముందు అది పగిలింది. పొద్దున రేవుకి వెళ్తే నీళ్లు లేవు, నీళ్లున్న చోట నల్లగా, చిక్కగా, అలలు కూడా లేవడానికి బద్ధకిస్తున్నట్టు ఏదో ఉంది. తుంగలో కట్టిన వలలు అందులోనే ఉన్నాయి, ఎవరి వల వాళ్లు లాక్కోవాలి కదా, అందరితోపాటు ముక్కత్త కూడా మోకాళ్ల దాకా దిగింది. ఘాటు నెత్తికెక్కింది, కళ్లు మండాయి, పక్కనున్నవాళ్లు కక్కుకున్నారు. ఆమె కక్కలేదు. ఆమెకు జరిగింది ఇంకొకటి, అది ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునేది కాదు. ఆ ఘాటు కింద, ఆ మంట కింద, ఎక్కడో అడుగున ఏదో తెలిసిన వాసన తగిలింది, ముక్కూ మొహం తెలియని ఊళ్లో ఎవరో వెనకనుంచి పేరు పెట్టి పిలిచినట్టు ఆగిపోయింది, నోట్లో నీళ్లూరాయి. చచ్చిన పక్షి ఒకటి రెక్కలు అంటుకుపోయి పిక్కకు తగులుతుంటే, మనుషులు నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకుంటుంటే, తనకేమో నోట్లో నీళ్లు. ఛీ, నాకేమైంది, అనుకుంది. ఘాటుకి బుర్ర తిరిగిందేమో అనుకుంది. అప్పటినుంచీ ఇప్పటివరకూ అనుకుంటూనే ఉంది, ఒక్క అనుకోవడమూ నిలబడలేదు.

“అమ్మా, ఏంటి, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావ్?” అంది కూతురు, బిడ్డను భుజం మార్చుకుంటూ.

“ఏం లేదు. తల దిమ్ముగా ఉంది.”

“టీ లేకపోతే నీకంతే. అయిపోగానే తాగుదాం. ఇదిగో, చెరువు తెరిస్తే మొదటి చేప నాకే, ముందే చెబుతున్నా. నాన్న ఎవరికి మాటిచ్చినా సరే.” కూతురు నవ్వింది. పాలిచ్చే తల్లికి ఆకలెక్కువ. బిడ్డ కడుపులో ఉన్నన్నాళ్లూ చేప, చేప అని కలవరించింది, తెచ్చిపెడదామంటే పైపు పగిలిన నాటినుంచీ వేట ఆపి చెరువు మూసేశారు. దూరం నుంచి ఐసులో వచ్చిన చేప వండితే రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది, రుచి లేదమ్మా, మన చేపలా లేదు, అని. మన చేపలా లేదు. అవును, లేదు, ముక్కత్త కూడా ఆ ముద్ద నోట్లో పెట్టుకుని అదే అనుకుంది. ఏం లేదు అందులో? ఏది లేకపోవడం వల్ల అది మన చేప కాకుండా పోయింది? అప్పుడు ఆ ప్రశ్న రాలేదు, ఇప్పుడెందుకొస్తోంది, తలలో ఈగ దూరినట్టు.

ఇదివరకే ఒకసారి ఈ పరీక్ష జరిగింది, జరిగి అభాసుపాలైంది. అందుకు కారణం ఎవరో కాదు, ముక్కత్త మొగుడే, పాపం ఆయన చేసింది తప్పని ఎవరు మాత్రం అనగలరు. నల్లనూనె అంటితే సబ్బుకు పోదు, నీళ్లకు పోదు, కిరసనాయిలుకి పోతుంది. రేవులో ఎవరు కనిపెట్టారో తెలీదు గానీ వారం తిరిగేలోగా ఊరంతా అదే వైద్యం. చేతులు కిరసనాయిలుతో, తెడ్లు కిరసనాయిలుతో, పడవలు కిరసనాయిలుతో, ఒకావిడ పిల్లాడి మోకాళ్లు కూడా కిరసనాయిలుతోనే తోమింది. వాసన పోవాలని పూసుకున్నదే వాసనైపోయింది, ఏది పైపులోంచి వచ్చిందో ఏది సీసాలోంచి వచ్చిందో చెప్పగల మొనగాడు లేకుండా పోయాడు. ఆ రోజుల్లోనే పరీక్షకు చేపలు పట్టమని ఆఫీసువాళ్లు ఈయన్ని అడిగారు. పెద్దమనుషులు అడిగారు కదా, మురికి వల వేస్తే ఏం బాగుంటుందని, ఉన్నవాటిలో మంచి వల తీసి, కిరసనాయిలులో నానబెట్టి, పెళ్లికొడుకుని ముస్తాబు చేసినట్టు చేసి మరీ వేశాడు. ఉడికించిన గిన్నె మూత తీయగానే వాసన చూడ్డానికి వచ్చిన ముగ్గురూ ముక్కు మూసుకున్నారు. పరీక్ష జరిపే మేడం వచ్చి వల చూసింది, వాసన చూసింది, ఈయన ముఖం చూసింది, గిన్నెలకు మూతలు పెట్టేసింది. ఆ పరీక్ష కొట్టేశారు, ఆ వేటకాలం పోయింది. “శుభ్రం చేస్తే తప్పా?” అని ఈయన ఇంట్లో గోడనడిగాడు, పడవనడిగాడు, పెళ్లాన్ని అడిగాడు. రేవులో మాత్రం ఎవరినీ అడగలేదు, ఎవరూ ఆయనతో మాట్లాడటం లేదు కనక. ఇవాళ కూడా లోపలికి రానని గేటు బయట అరుగు మీద కూర్చున్నాడు, నేనొస్తే మళ్లీ ఏదో వాసన పడుతుంది అన్నాడు, అది వేళాకోళమో బాధో తెలియలేదు.

ఈసారి చేపలు ఆఫీసువాళ్లే పట్టారు, కొత్త వలతో. మిషనులో కూడా పెట్టారు, నూనె ఉండొచ్చన్న దానికంటే తక్కువే ఉంది అని మిషను చెప్పింది. కానీ మిషను మాట విని చేప కొనేవాడెవడు, దూరపు బజారువాళ్లు నోరు విప్పి చెప్పేశారు, ముక్కుతో చూసి చెప్పండి, అప్పుడు లారీ పంపుతాం అని. నియమం పిల్లలకు కూడా అర్థమయ్యేదే. మూడు మూతగిన్నెలు. రెండిట్లో ఎగువనున్న వేరే చెరువు చేప, ఒకదానిలో మనది, ఉప్పు కూడా వేయకుండా ఆవిరి మీద ఉడికించింది. చూసేవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒక్కరు మన చేపను పట్టేసి, ఇది చేపకు ఉండకూడని వాసన అంటే చాలు, వచ్చే ఏడు దాకా చెరువు మూతే. ముగ్గురికీ తేడా తెలియకపోతే వచ్చే వారమే తెరుస్తారు. ముక్కు బాగా పనిచేస్తే చెరువు మూత, చేయకపోతే చెరువు తెరుపు. జన్మలో మొదటిసారి అందరూ ముక్కత్త ఓడిపోవాలని కోరుకుంటున్నారు, ఆమె కూడా కోరుకుంటోంది, కోరుకుంటూనే గుడ్డ ఉత్తనీళ్లలో ఎందుకు జాడించిందో, టీ ఎందుకు మానిందో, ఎదురింటామె పెట్టిన ఉల్లిపాయ ఎందుకు తినకుండా వచ్చిందో ఆమెకే తెలీదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం, ఇక్కడ కప్పా తనే పామూ తనే.

లోపలి తలుపు తెరుచుకుని ఐసు ఫ్యాక్టరీ బావ బయటికొచ్చాడు. ముక్కత్త మొగుడికి తమ్ముడి వరసయ్యే దూరపు చుట్టం, రేవులో అందరూ బావ అనే పిలుస్తారు, ఐసు పని లేక ఇప్పుడు ఇంటిదగ్గరే ఐసైపోతున్నానని తనమీద తనే జోకులేసుకునే మనిషి. పొద్దున మొదట వెళ్లిన బడి వంటామె కూడా తేడా తెలియలేదనే చెప్పి వెళ్లిపోయింది. బావ అటూ ఇటూ చూసి వంగాడు.

“వదినా, నాకేం తెలీలేదు. మూడూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. నువ్వు కూడా లోపలికెళ్లు, మూతలెత్తు, తల అడ్డంగా ఊపు, వచ్చెయ్. ఎక్కువ ఆలోచించకు.”

“నీకు నిజంగానే తెలీలేదా, తెలీలేదని చెప్పావా?”

బావ నవ్వబోయి మానేశాడు. “ఏమో వదినా. నాకూ తెలీదు,” అన్నాడు, టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

చూశావా, అతనికీ తెలీదు. వాసన లేదా, వాసన ఉన్నా వద్దనుకుంటే లేకుండా పోతుందా, ఆకలేసినప్పుడు పాచి అన్నం కూడా కమ్మగా ఉంటుందే అలా. ఈ ఏడాదిగా ముక్కత్త ఇంట్లో ఏదో పోగొట్టుకున్నదానిలా తిరుగుతోంది. అలమరా తెరిచి బట్టలు వాసన చూస్తుంది. తలగడ. ఈయన పాత చొక్కా, పడవ మీద వేసుకునేది, ఉతికి ఎన్నాళ్లయిందో, ముడతల్లో ముఖం పెడితే ఇంకా ఉంది ఆ తియ్యదనం, చెరువు తియ్యదనం, కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఈయన సాయంత్రం ఇంటికొస్తే గుమ్మంలోనే తెలిసిపోయేది, చెప్పులు విప్పకముందే. సిగ్గుపడేది అప్పుడు. ఇప్పుడు భయపడుతోంది, ఎందుకంటే తుంగలో ఆ నల్లటి బురద కింద తగిలింది కూడా ఇదేనా అని అనుమానం. ఇది కాదు, కాదు, ఇదెలా అవుతుంది, ఇది మనది, అది వాళ్లది. ఇలా అనుకుని అలమరా మూసేసేది, మళ్లీ తెరిచేది. ఈయన చూసి, ఏం వెతుకుతున్నావ్ అనేవాడు. సూది అనేది. సూది ఆయన చేతిలోనే ఉండేది, పొద్దున్నించి సాయంత్రం దాకా వలలు అల్లడమే ఆయన పని, చిరుగులన్నీ అయిపోయాక బాగున్న చోట కూడా విప్పి అల్లుతున్నాడు. ఆ వలల్ని ముక్కత్త చూసీ చూడనట్టు దాటిపోయేది. ఇంకో ఏడాది మూస్తే ఈ మనిషి ఏమైపోతాడు. పడవకైతే ఎండకు నెర్రెలొస్తాయి, మనిషికి ఏమొస్తాయో కనపడవు.

“అమ్మా, మీరు రండి,” అంది పరీక్ష మేడం తలుపు దగ్గర నిలబడి. చిన్నపిల్ల, తెల్లకోటు భుజాల మీద నిలవడం లేదు. ముఖంలో ఏ భావమూ కనిపించకూడదని ఎవరో చెప్పినట్టుంది, ఆ ప్రయత్నంలో పాపం బిగుసుకుపోయింది. కూతురు ముక్కత్త మోచేయి నొక్కి వదిలింది. గదిలో ఎర్రబల్బు. చేప రంగు చూసి పోల్చుకోకుండా ఆ ఎరుపు, అందులో తన చేతులు కూడా తనవిలా లేవు. బల్ల మీద మూడు మూతగిన్నెలు, గ్లాసుతో గోరువెచ్చని నీళ్లు, చప్పిడి రొట్టెముక్క, ఉమ్మడానికొక డబ్బా. ముందు వాసన చూడాలి, తర్వాత కొంచెం నోట్లో పెట్టుకుని నమిలి ఉమ్మేయాలి, మింగకూడదు, అని మేడం చెప్పింది. తొందర లేదమ్మా అని కూడా చెప్పింది. తొందర లేకపోవడమే కష్టం, షెడ్డులో అయితే ఈపాటికి ఒక బుట్ట తేల్చేసేది.

మొదటి మూత ఎత్తింది. ఆవిరి ముఖానికి కొట్టింది. చేప. ఒట్టి చేప, శుభ్రమైనది, కాస్త మట్టి, కాస్త నాచు, అంతే, చుట్టంచూపుగా వచ్చి మర్యాదగా కూర్చున్న మనిషిలా ఉంది. వాసన తగిలింది, తగిలింది కదా, అయితే ముక్కు పోలేదన్నమాట, అనుకుంటూనే రెండో మూత ఎత్తింది.

చెరువు. ఇంకో మాట లేదు. ఎర్రటి గది, బల్ల, మేడం, అన్నీ ఎటుపోయాయో పోయాయి, చెరువొచ్చి ముఖం మీద వాలింది. ఆ తియ్యదనం. షెడ్డు తెల్లారగట్ట తడిగచ్చుతో సహా వచ్చింది, ఈయన చొక్కా వచ్చింది, కూతురు పసిదిగా ఉన్నప్పుడు పడవలో పడుకోబెట్టి తెచ్చేవాళ్లు, దాని మాడు మీద ఉండేది ఈ వాసన, ముద్దు పెట్టుకుంటే ముక్కుకి అంటేది, అది వచ్చింది. బతికే ఉంది. నా ముక్కు బతికే ఉంది, చెరువు బతికే ఉంది. ముక్కత్తకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. ఏడాదిగా మోసిన బరువు ఎవరో అందుకున్నట్టు భుజాలు జారాయి, నోట్లో నీళ్లూరాయి.

నోట్లో నీళ్లూరాయి. అక్కడ చటుక్కున ఆగింది. ఎప్పుడు ఊరాయి ఇలా, ఇదే చోట నాలుక కింద, ఇంతలా? తుంగలో. మోకాళ్ల దాకా నల్లనూనెలో నిలబడినప్పుడు. అక్కడున్నదీ ఇదే. ఇదే, మరొకటి కాదు, అక్కడ ఘాటు కింద నలిగి ఉంది, ఇక్కడ ఒంటరిగా దొరికింది, కడిగిన ముఖంలా. ఆమె మూత వేసేసింది. మూడో మూత ఎత్తింది, మొదటిదానిలాంటిదే, ఒట్టి చేప, మర్యాదస్తురాలు. మళ్లీ రెండోది ఎత్తింది. అదే. కాదు, మన చెరువు వాసన ఇది, పైపు పగలకముందు కూడా ఉంది, ముప్పయ్యేళ్లుగా ఉంది, నేను కాపురానికొచ్చిన నాటినుంచీ ఉంది, పగలడానికీ దీనికీ సంబంధం లేదు. సంబంధం లేదు కదా. కాపురానికొచ్చిన నాటినుంచీ. అంతకుముందు? అంతకుముందు నేను లేను.

అంతకుముందు ఎవరున్నారు, అత్తగారున్నారు. పెళ్లి ఒకసారి వెనక్కి జరిపారు, ఎందుకంటే పైపులు దించే లారీలు దారికి అడ్డంగా ఉన్నాయి, రేవు దారంతా తవ్వి పోశారు. అదంతా అయ్యాకే పెళ్లి, అదంతా అయ్యాకే కొత్తకోడలు. వచ్చిన మొదటి వారంలో చేప బాగుచేస్తూ ముక్కత్త, అప్పటికింకా ముక్కత్త కాదు, ఒట్టి పిల్ల, మొప్ప వాసన చూసి మురిసిపోయి అంది: “అత్తయ్యా, మీ చేపలు తియ్యగా ఉన్నాయే. మా వైపు చేపలకి ఈ వాసన లేదు.” అత్తగారు కత్తి ఆపకుండానే అన్నారు: “మా చేపలకీ లేదమ్మాయ్, నువ్వొచ్చేదాకా.” అంతే, ఆ పిల్ల ముఖం మాడిపోయింది. నాతోపాటు కంపు తెచ్చానంటోంది, వచ్చి వారం కాలేదు, అప్పుడే సూటిపోటి మాటలు. ఆ మాటను ఇన్నేళ్లూ దాచుకుంది, పండగకీ పబ్బానికీ బయటికి తీసి మొగుడిని దెప్పింది, మీ అమ్మ నన్నేమందో తెలుసా అని. ఆయన ప్రతిసారీ తల దించుకున్నాడు. అత్తగారు ముసలితనంలో చెరువు చేప ముట్టలేదు, ఎగువ వాగునుంచి పిల్లచేప తెచ్చిపెట్టమని కొడుకుని సతాయించింది, అందరూ చాదస్తం అన్నారు, కోడలి చేతి వంట తినడానికి నామోషీ అని ముక్కత్త అంది. ఆవిడ కోడలి మీద మాట విసిరిందా, చెరువు మీద మాట చెప్పిందా? అబద్ధమాడే మనిషి కాదు. కోడలిని ఒక పోటు పొడవడానికి వెనకాడే మనిషీ కాదు. రెండూ ఆవిడే. అడుగుదామంటే ఇప్పుడు ఆవిడ లేదు, ఉన్నప్పుడు అడగాలని తోచలేదు, కోపంగా ఉండటంతోనే సరిపోయింది.

అయితే పైపు నిరుడు పగిలిందా, నేను కాపురానికొచ్చేనాటికే చిట్లి ఉందా, చుక్కా చుక్కా, ఎవరికీ కనపడకుండా? దూరపు బజారువాళ్లు ఎగబడి కొన్నది ఏమిటి? నేను ఎడమకి విసిరినవన్నీ ఏమిటి? కాకి పిల్ల కాకికి ముద్దని, నేను ముద్దాడిన ఆ మాడు, ఆ చొక్కా, గుమ్మంలో నిలబడి సిగ్గుపడ్డ ఆ సాయంత్రాలు, అవి కూడా పైపులోంచి వచ్చినవేనా? ముక్కత్తకు ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. కాకపోవచ్చు కూడా. మట్టిలో ఏదో ఉండుంటుంది, వేరులో ఏదో, పైపుకీ దీనికీ ఒకే వాసన రావడం కాకతాళీయమేమో, లోకంలో ఒక్క వాసన రెండుచోట్ల ఉండకూడదా. మిషను కూడా తక్కువే ఉందంది. తక్కువే అంది గానీ లేదనలేదు. ఏది నిజమో చెప్పమని ఈ చిన్నపిల్లను అడిగితే చెబుతుందా, చెప్పదు, తనని పిలిచిందే చెప్పమని.

“అమ్మా, తేడాగా ఉన్నది ఉందా?”

తల అడ్డంగా ఊపు, వచ్చెయ్. ఊపాలనే అనుకుంది. మెడ కదల్లేదు, వేలు కదిలింది, రెండో గిన్నె మీద ఆగింది. కళ్లకు గుడ్డ కట్టినప్పుడు కూడా ఆ వేలు ఏనాడూ తప్పలేదు, ఇప్పుడు మాత్రం దాన్ని ఎవరాపగలరు. మేడం కళ్లు ఒక్కసారి గిన్నె మీదికి వెళ్లి తిరిగొచ్చాయి, ముఖం బిగుసుకునే ఉంది.

“కొంచెం రుచి చూసి చెప్పండి. తర్వాత డబ్బాలో ఉమ్మేయండి.”

ముక్కత్త ఒక తునక నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు, కారం లేదు, ఏమీ లేదు, అయినా ఎంత బాగుందో. ఏడాదైంది. నమిలింది, ఇంకా నమిలింది, డబ్బా వైపు చూసింది, గొంతు తన పని తాను చేసుకుపోయింది.

“మింగేశారా?”

“పోయింది,” అంది ముక్కత్త.

“పర్లేదు. ఇంకొక్క ప్రశ్న. ఆ వాసన చేపకు ఉండాల్సిందేనా? ఉండకూడనిదా?”

ఉండాల్సిందే అని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు, ఆమెకు తెలిసినంతలో ఎప్పుడూ ఉన్నదే. ఆ ఒక్క మాటతో వచ్చే వారం పడవలు నీళ్లలో పడతాయి, ఈయనతో మనుషులు మాట్లాడతారు, సూది పక్కన పెడతాడు, ఐసు బావ ఫ్యాక్టరీ తలుపు తీస్తాడు, అంతా మొదటికొస్తుంది. మొదటి చేప కూతురికి. కూతురు తింటుంది, కడుపునిండా తింటుంది, దానికి ఇష్టం, అది తిన్నది పసిదాని నోట్లోకి పోతుంది, పసిదాని మాడు మీదికి వస్తుంది ఆ వాసన, నేను వంగి ముద్దు పెట్టుకుంటాను, మురిసిపోతాను, మన చెరువు వాసన అంటాను. ఆ వంగడం దగ్గర ముక్కత్త ఆలోచన మెలికపడి ఆగిపోయింది. ఏమీ కాదేమో. నా కూతురికేమైంది, బాగానే ఉంది, నాకేమైంది. ఏమో. తెలీదు. తెలియని దాన్ని నా నోటితో నేను తినొచ్చు, దాని నోట్లో ఎలా పెడతాను.

“ఉండకూడదు,” అంది. “రాసుకోండి మేడం. ఉండకూడదు.”

మేడం రాసుకోవడానికి అటు తిరిగింది. ముక్కత్త రెండో గిన్నె దగ్గరికి లాక్కుంది. ఏం చేస్తున్నానో తెలిసే చేసిందో తెలియక చేసిందో గానీ, వేళ్లతోనే, ముల్లు ఒడుపుగా పక్కకి తప్పిస్తూ, మొప్ప దగ్గరి మెత్తటి ముక్క, పొట్ట దగ్గరి కొవ్వు, తోలుతో సహా, తినసాగింది. మేడం తిరిగి చూసి ఒకడుగు ముందుకేసింది.

“అమ్మా, అది తినకూడదండీ.”

“తెలుసు తల్లీ,” అంది ముక్కత్త, తింటూనే. ఆ పిల్ల గిన్నె లాక్కోలేకపోయింది, గ్లాసు మాత్రం ఆమె చేతికి దగ్గరగా జరిపింది.

వరండాలో కూతురు లేచి నిలబడింది, తల్లి ముఖం చూసి మళ్లీ కూర్చుంది. బిడ్డ లేచి ఏడుపందుకుంటే దాన్ని ఒడిలో సర్దుకుంది, అంత చిన్న పని అంతసేపు చేసింది. ముక్కత్త దాని దగ్గర ఆగాలనుకుని ఆగలేకపోయింది, మెట్లు దిగి గేటు దాటింది. ఈయన అరుగు మీద అలాగే ఉన్నాడు, తల ఎత్తాడు.

“ఏం చెప్పావ్?”

“ఉండకూడని వాసన ఉందని చెప్పాను.”

ఆయన రోడ్డువైపు చూశాడు. సైకిలొకటి పోయింది. తిడతాడేమో అనుకుంది, తిడితే బాగుండనుకుంది. ముప్పయ్యేళ్లుగా ఆయన తల్లి మీద వేసిన నింద ఒకటుంది, దాని గురించి చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు, పక్కనే కూర్చుంది. చేతివేళ్లు ఒళ్లో దాచుకుంది, ఆయన అప్పటికే చూశాడు.

“తిన్నావా?” అన్నాడు.

“తిన్నాను.”

“ఎలా ఉంది?”

“బాగుంది,” అంది, అనగానే ఏడుపు తన్నుకొచ్చింది. “చాలా బాగుంది.”

ఆయన ఆమెను ఓదార్చలేదు. ఆఫీసు తలుపువైపు చూశాడు, గుటక వేశాడు, చిన్నపిల్లాడిలా గొంతు తగ్గించి అడిగాడు.

“లోపల ఇంకేమైనా మిగిలిందా?”

“లేదు,” అంది ముక్కత్త. “అంతా నేనే తినేశాను.”